ఇంటి నుంచి పని: అసలు ఉద్యోగమా, వలా?

రెండు ఆఫర్లు పక్కపక్కనే పెట్టుకుని చూస్తున్నప్పుడు జీతం అంకె సంగతి తర్వాత. ముందు చూడాల్సింది డబ్బు ఎవరి జేబులోంచి కదులుతోందని.

నిజంగా పని ఇచ్చేవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. పాత పని చూపించమంటారు, చిన్న పరీక్ష పెడతారు, వీడియో కాల్‌లో గుచ్చి గుచ్చి అడుగుతారు. మోసగాళ్లకు మీకేం వచ్చో అక్కర్లేదు. వాట్సాప్‌లో నాలుగు మెసేజ్‌లు నడవగానే "సెలెక్ట్ అయ్యారు" అంటారు. ఆ వెంటనే రిజిస్ట్రేషన్ ఫీజు, లేదా లాప్‌టాప్ డిపాజిట్. అక్కడితో ఆపేయండి.

అన్నిటికన్నా ప్రమాదకరం టెలిగ్రామ్ టాస్కులు. వీడియోలకు లైకులు కొట్టాలి, హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలి. మొదట్లో చిన్న మొత్తాలు నిజంగానే ఖాతాలో పడతాయి, అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటూ మన చేతే డబ్బు కట్టిస్తారు. స్క్రీన్ మీద లాభం పెరుగుతూనే ఉంటుంది, తీసుకోబోతే టాక్స్ కట్టమంటారు. గ్రూపులో "నాకు వచ్చేసింది" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు చాలావరకు వాళ్ల మనుషులే.

దీనికన్నా అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లు మేలు. అక్కడ ఫిక్స్‌డ్ ధర పనికి క్లయింట్ డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే పని పూర్తయ్యేదాకా సైట్ దగ్గరే భద్రంగా ఉండే ఖాతాలో, పెడతాడు. ప్రపోజల్ పంపడానికి 'కనెక్ట్స్' అనే టోకెన్లు కొనాల్సి రావచ్చు, కానీ ఆ ఖర్చును సైట్ ముందే చెబుతుంది. ఆ సైట్లలోనూ మోసగాళ్లు తిరుగుతారు. "టెలిగ్రామ్‌కి రండి, అక్కడ మాట్లాడదాం" అంటే వెళ్లకండి, సైట్ బయటికి వెళ్తే ఆ రక్షణ పోతుంది. మొదటి పని దొరకడానికి సమయం పడుతుంది, అయినా నా ఓటు దీనికే.

డబ్బు మనవైపే వస్తున్నా మోసమయ్యే రకం ఇంకొకటుంది. "మీ ఖాతాలోకి డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి" అంటారు. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము కావచ్చు. ఖాతా ఆగిపోతుంది, కేసులో మీ పేరుంటుంది.

పేరున్న కంపెనీ అని చెబితే వాళ్లు పంపిన లింక్ నొక్కకండి. ఆ కంపెనీ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి, కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి. ఈమెయిల్ అడ్రస్‌ను అక్షరం అక్షరం చదవండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, పోయింది రాబట్టుకుందామని ఇంకో రూపాయి కూడా కట్టకండి. వెంటనే బ్యాంకుకు, పోలీసులకు చెప్పండి. చాట్‌లు మాత్రం డిలీట్ చేయొద్దు.