నాంపల్లి నుమాయిష్: మన టికెట్ డబ్బు ఎక్కడికి చేరుతుంది

జనవరిలో హైదరాబాద్ వెళ్తున్నామంటే చాలు, ఎవరో ఒకరు "నుమాయిష్ చూసి రండి" అంటారు. నాంపల్లి మైదానంలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ అది. దుప్పట్లు బాగుంటాయని కొందరు, పిల్లలకి జెయింట్ వీల్ ఉంటుందని కొందరు. నేనూ వెళ్లమనే అంటాను కానీ నా కారణం వేరు. మన ఊళ్లలో ఎగ్జిబిషన్ అంటే ఒక కాంట్రాక్టర్ వచ్చి వేస్తాడు, నెల తిరిగేసరికి వసూలైనంత తీసుకుని వెళ్లిపోతాడు. నాంపల్లిలో జరిగేది అలాంటిది కాదు. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ లాభాలు పంచుకునే కంపెనీ కాదు. స్టాళ్ల అద్దె, గేటు దగ్గర టికెట్ల డబ్బు, ఖర్చులు పోను మిగిలింది చదువులకి వెళ్తుంది. దాదాపు 20 విద్యాసంస్థలు ఈ సొసైటీ అండతో నడుస్తున్నాయి. నాంపల్లిలోని కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, తార్నాకలోని ఫార్మసీ కాలేజీ, మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ కాలేజీ వాటిలో కొన్ని. ఈ చెప్పినవన్నీ ఆడపిల్లల కాలేజీలే చూడండి. నన్ను కట్టిపడేసింది అదే.

మా పిన్ని వనితా కాలేజీలో చదువుకుంది. తాతయ్యది చిన్న గుమాస్తా ఉద్యోగం, ఇంట్లో అయిదుగురు పిల్లలు. ఆ కాలేజీ లేకపోతే పిన్ని ఇంటర్‌తో ఆగిపోయేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందుకే ఈసారి రాజమండ్రి నుంచి అమ్మనీ, హైదరాబాద్‌లో ఉండే పిన్నినీ కలిపి తీసుకెళ్లాను.

సాయం కోసం ప్రదర్శన పెట్టాలన్న ఆలోచన తర్వాత వచ్చి చేరింది కాదు, నుమాయిష్ పుట్టిందే అందుకు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘం వాళ్లు హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ప్రదర్శన పెడితే ఆ ఖర్చు రాబట్టుకోవచ్చని పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులు నడిపారు. అప్పుడు పెట్టిన పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్తారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. మొదట్లో స్థానికంగా తయారైన సరుకులకే చోటు. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. దేశానికి స్వాతంత్ర్యం, ఆ వెంటే పోలీసు చర్య, ఆ రోజుల్లో ప్రదర్శన ఆగింది. 1949లో మళ్లీ మొదలైనప్పుడు గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి వచ్చి ప్రారంభించారు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అన్న పేరు ఆనాటిదే. జనానికి మాత్రం ఎప్పుడూ నుమాయిషే. కరోనా వల్ల 2021లో జరగలేదు, 2022లో మొదలవగానే ఆగి ఫిబ్రవరి చివర్లో మళ్లీ తెరిచారు. ఆ రెండేళ్లూ తప్పిస్తే ఏటా జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి 15 వరకు, కాస్త అటూ ఇటూగా, జరుగుతూనే ఉంది.

ఇక ప్రయాణం సంగతి. గోదావరి జిల్లాల వాళ్లకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎంతో అనుకూలం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లి స్టేషన్‌లోనే దిగుతాం. అక్కడి నుంచి మైదానానికి నడిచి పోవచ్చు. సికింద్రాబాద్‌లో దిగేవాళ్లు మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. బస్సులో ఎంజీబీఎస్‌కి, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి, వచ్చేవాళ్లకి మరీ సులువు, అక్కడి నుంచి రెండో మెట్రో స్టేషనే గాంధీ భవన్. మైదానానికి అతి దగ్గర స్టేషన్ అదే. సొంత కారులో మాత్రం వెళ్లకండి. పార్కింగ్ దొరకదని కాదు, రాత్రి పదింటికి ఆ రోడ్ల మీద కారు కదలదు. నుమాయిష్ రోజుల్లో మెట్రో చివరి రైళ్ల సమయం పెంచుతుంటారు. అయినా దిగేటప్పుడే స్టేషన్‌లో ఒకసారి అడిగి పెట్టుకుంటే తిరుగు ప్రయాణానికి టెన్షన్ ఉండదు.

బస దగ్గర కొంచెం ఆలోచించాలి. స్టేషన్ ఎదురుగా వరసగా లాడ్జీలున్నాయి. పెట్టె పట్టుకుని దిగగానే పిలుస్తారు, రేటు కూడా తక్కువే. మేము ఒకదాంట్లో దిగాం. రోజంతా వేణ్ణీళ్లు వస్తాయన్నారు, తీరా చూస్తే పొద్దున్నే గంటసేపు వచ్చి ఆగిపోయాయి. లిఫ్ట్ లేదు, అమ్మ మోకాళ్లతో రెండో అంతస్తు ఎక్కాల్సి వచ్చింది. రోడ్డు వైపు కిటికీ, రాత్రంతా ఆటోల మోత. మర్నాడు లక్డీకాపూల్ వైపు మారిపోయాం. రేటు దాదాపు రెట్టింపు, కానీ నిద్ర పట్టింది. అక్కడి నుంచి గాంధీ భవన్ మూడో స్టేషన్. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా లక్డీకాపూలే. కుర్రాళ్లకి, ఒక్క రాత్రికి అయితే నాంపల్లి సరిపోతుంది. ఎక్కడ దిగినా చెక్ అవుట్ ఇరవై నాలుగు గంటలకా, మధ్యాహ్నం పన్నెండుకా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. తెల్లవారుజామున రైలు దిగే మనలాంటి వాళ్లకి అక్కడే ఒక రోజు అద్దె తేడా వస్తుంది.

టికెట్ 2025లో 50 రూపాయలు. అయిదేళ్ల లోపు పిల్లలకి లేదు. సాయంత్రం నాలుగింటికి గేట్లు తీస్తారు. మామూలు రోజుల్లో పదిన్నర వరకు, శని ఆదివారాల్లో పదకొండు దాకా. గాంధీ భవన్ వైపు ఒక గేటు, అజంతా గేటు, గోషామహల్ గేటు, మూడు దార్లున్నాయి. మేము సోమవారం నాలుగున్నరకి లోపలున్నాం. ఆ మొదటి గంటన్నర బంగారం. స్టాళ్ల వాళ్లు తీరిగ్గా ఉంటారు, అడిగిందానికి ఓపిగ్గా చెప్తారు, సరుకు విప్పి చూపిస్తారు. ఏడు దాటితే ఎవరి భుజం ఎవరికి తగులుతోందో తెలియదు. ఆదివారం సాయంత్రం వెళ్లి "అంతా తోపులాట" అని తిరిగొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ ప్రదర్శన అసలు రూపం కనపడలేదనే అంటాను.

మోకాళ్ల నొప్పులవాళ్లుంటే ముందు టాయ్ ట్రైన్ ఎక్కించండి. పిల్లల బండి అనుకుంటారు గానీ మైదానం చుట్టూ తిప్పుతుంది. ఎక్కడ ఏముందో అమ్మకి ఆ ఒక్క చుట్టులో తెలిసిపోయింది. దిగాక ఎటు నడవాలో, దేన్ని వదిలేయాలో తనే చెప్పింది. లోపల స్టాళ్లు వెయ్యికి పైనే ఉంటాయి కాబట్టి అన్నీ చూసేద్దామని బయల్దేరకూడదు.

మేము ఎక్కువసేపు గడిపింది కశ్మీర్ శాలువాల దగ్గర. శ్రీనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, వాళ్ల నాన్న కాలం నుంచి ఇక్కడికి వస్తున్నారట. అంకెలన్నీ తెలుగులో చెప్తారు, మిగతా మాటలు హిందీలో. అమ్మ ఒక బూడిద రంగు శాలువా పట్టుకుని "ఇది నిజంగా ఉన్నేనా బాబూ?" అని అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. అంచు కుచ్చులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించారు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలిపోయింది. తర్వాత పక్కనున్న రంగురంగుల చవక శాలువాలోంచి ఇంకో పోగు లాగి కాల్చారు. అది కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంది. "ఇది కూడా అమ్ముతానమ్మా, కానీ ఉన్ని అని చెప్పను" అన్నారు హిందీలో. శాలువా ఉంగరంలోంచి దూరితే అది పష్మీనా, అంటే మేలురకం కశ్మీరీ ఉన్ని, అని కొందరు చూపిస్తుంటారు. పల్చటి సిల్కయినా, రేయాన్ అయినా దూరుతుంది. దాన్ని నమ్మకండి. పోగు కాల్చి చూపమనండి, పష్మీనా అవునో కాదో తేలకపోయినా సింథటిక్ అయితే తెలిసిపోతుంది. కాల్చనన్న చోట కొనకండి. ఆయన రెండు వేల అయిదు వందలు చెప్పిన శాలువాని పద్దెనిమిది వందలకి ఇచ్చారు. ఇంకా తగ్గించమని నేను అడగలేదు. ఆ నెలన్నర ఆయనా, మేనల్లుడూ రాత్రుళ్లు ఆ స్టాల్లోనే సరుకు పక్కన పడుకుంటారు.

లక్నో చికన్ ఎంబ్రాయిడరీ బట్టల దగ్గర కూడా ఇలాంటి చిన్న పరీక్షే. కుర్తా తిరగేసి లోపలి వైపు చూడాలి. చేతి కుట్టయితే దారం అడ్డదిడ్డంగా దాటుతుంది, ముడులు కనిపిస్తాయి. మెషిన్ కుట్టయితే లోపల కూడా ఒకే కొలతలో గీత గీసినట్టుంటుంది. పిన్ని మూడు చోట్ల తిరగేసి చూసి నాలుగో చోట కొంది.

జైళ్ల శాఖ స్టాలు తప్పకుండా చూడండి. ఖైదీలు చేసిన కుర్చీలు, సబ్బులు, దుప్పట్లు పెడతారు. బేరం ఉండదు, ధర అంటించి ఉంటుంది. మా ఇంట్లో వాడే ఫినాయిల్ కంటే అక్కడ కొన్నది నాకు బాగా నచ్చింది. ఖాదీ, చేనేత స్టాళ్లకి కూడా విడిగా సమయం పెట్టుకోండి. ఎక్కువమంది వాటిని దాటేసి ప్లాస్టిక్ సామాన్ల వరసలోకి వెళ్లిపోతున్నారు. ఆ సామాన్లు మన సంతలోనూ దొరుకుతాయి.

తిండి దగ్గర నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. లోపల హలీం బాగుంది, మిర్చి బజ్జీ వేడివేడిగా తింటే ఇంకా బాగుంది. మిగతావాటికి బయటికంటే ధర ఎక్కువ, రుచి తక్కువ. ఒక చోట తిన్న నూడుల్స్ సగం వదిలేశాం. మంచినీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి. నిదానంగా కూర్చుని తినాలంటే బయటికొచ్చి మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లండి. 1935 నాటి రాతి కట్టడం, కొన్నేళ్ల కిందట బాగు చేశారు. జనవరి చలిలో అక్కడి ఐస్‌క్రీం తినడం హైదరాబాద్ వాళ్లకి అలవాటే, అమ్మకి మాత్రం ఆశ్చర్యం.

భద్రత గురించి అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి వందల స్టాళ్లు కాలిపోయాయి. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. ఆ తర్వాత నీటి పైపులైన్లు, ఫైర్ హైడ్రెంట్లు వేశారు. ఇప్పుడు దారుల్లో అవి కంటికి కనిపిస్తాయి. అయినా లోపలికి వెళ్లగానే మనకి దగ్గరి గేటు ఏదో చూసి పెట్టుకోవడం, పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టడం మన పని. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదవడం మేమున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. స్టాల్లో మనం కొన్న శాలువా డబ్బు కాలేజీకి వెళ్లదు, అది ఆ వ్యాపారి సంపాదన. కాలేజీలకి వెళ్లేది ఆయన కట్టే అద్దె, మనం కొన్న టికెట్. అంటే జనం రావడం ముఖ్యం. జనం వస్తేనే వ్యాపారులు వచ్చే ఏడు కూడా అద్దె కట్టి వస్తారు. ఏమీ కొనకుండా తిరిగి వచ్చినా ఆ యాభై రూపాయలు వృథా కాదు. గోడ దూకి లోపలికి వెళ్లామని గొప్పగా చెప్పుకునే కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్ల అక్కాచెల్లెళ్ల లాంటి పిల్లల ఫీజు దగ్గర మిగిల్చుకున్నారని చెప్తే ఒకడు నిజంగానే తల దించుకున్నాడు.

పిన్ని మమ్మల్ని మైదానం పక్కనే ఉన్న పాలిటెక్నిక్ గేటు దాకా తీసుకెళ్లింది. క్లాసులు అయిపోయి అమ్మాయిలు బయటికి వస్తున్నారు. భుజాన డ్రాయింగ్ ట్యూబులు, చేతిలో రికార్డు పుస్తకాలు. వాళ్లలో ఒకమ్మాయిని పిన్ని పలకరించింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతారట. ఇంట్లో మొదటి డిప్లొమా తనదేనట. "ఈ ఎగ్జిబిషన్ వాళ్లదే మా కాలేజీ ఆంటీ" అంది ఆ పిల్ల, తన సొంతదే అన్నంత ధీమాగా. పిన్ని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మేము స్టాళ్లలో గడిపిన సమయం కంటే నాకు ఆ పావుగంటే ఎక్కువ నచ్చింది. నుమాయిష్‌కి వెళ్లేవాళ్లు ఆ కాలేజీ బోర్డు అయినా ఒకసారి చూసి రావాలని నా కోరిక. గేట్ల దగ్గర, టికెట్ వెనక, ఈ డబ్బు ఏ కాలేజీలకి వెళ్తుందో పెద్ద అక్షరాలతో రాస్తే ఎంత బాగుంటుంది! లోపల తిరిగేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మేము అడిగిన వాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వం నడుపుతోందనుకుంటున్నారు.

సీజన్‌లో ఒక రోజు ఆడవాళ్లకే కేటాయిస్తారు. ఆడవాళ్లు ఒక్కరే వెళ్లాలన్నా, పెద్దవాళ్లని వెంట పెట్టుకుని వెళ్లాలన్నా ఆ రోజు తేదీ ముందుగా కనుక్కుని వెళ్లండి. పిన్ని వాళ్ల కాలేజీ బ్యాచ్‌మేట్లు వచ్చే జనవరిలో ఆ రోజుకే కలుద్దామని ఇప్పటి నుంచే ఫోన్లు చేసుకుంటున్నారు. అమ్మ కూడా వస్తానంది, ఈసారి లక్డీకాపూల్‌లో రూము ముందే బుక్ చెయ్యమంది.