12 గేజ్ స్లగ్గా, 20 గేజ్ స్లగ్గా?

స్లగ్ అంటే షాట్‌గన్‌లో చిన్న గుళ్లకు బదులు పేల్చే ఒకే పెద్ద గుండు. గేజ్ అంటే ఆ తుపాకీ గొట్టం లావు కొలత. ఈ అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది. 12 గేజ్ బోరు (గొట్టం లోపలి వెడల్పు) సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6.

బరువు: 12లో మామూలు స్లగ్ ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. 20లో ముప్పాతిక ఔన్సు, లేదా ఇంకాస్త తక్కువ.

వేగం: రెండూ సెకనుకు 480 మీటర్లకు అటూఇటూ. దెబ్బలో తేడా చాలావరకు బరువుదే.

తన్ను: ఇక్కడ 20దే పైచేయి. 12 స్లగ్ భుజాన్ని గట్టిగా తంతుంది, తుపాకీ తేలికైతే మరీను. ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసేవాడికి అదనపు బలం ఎందుకూ కొరగాదు.

దూరం: దీన్ని తేల్చేది గేజ్ కంటే గొట్టమే. నున్నటి గొట్టమైతే 70 మీటర్లు దాటాక రెండింటి గురీ చెదురుతుంది. రైఫ్లింగ్ (లోపల మెలి తిరిగిన గాడులు) ఉన్న గొట్టంలో సాబో స్లగ్ (తొడుగులో ఉండే సన్నటి స్లగ్) వేస్తే 20 కూడా 100 మీటర్ల దాకా నమ్మకంగా వెళ్తుంది.

రకాలు: దొరికే స్లగ్ రకాలు 12లోనే ఎక్కువ.

ప్రమాదం: రెండు గేజ్‌ల తూటాలూ ఒకే సంచిలో వద్దు. 20 తూటా 12 గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. దాని వెనక 12 పేలిస్తే గొట్టమే పగలొచ్చు. 20 తూటాలు పసుపు రంగులో ఉండేది అందుకే.

చట్టం ఒప్పుకున్న చోట ఎలుగులాంటి బరువైన జంతువుల వేటకు 12. జింకంత జంతువుకైతే, అందులోనూ కొత్తవాళ్లకు, 20 చాలు. నా ఓటు దానికే.