స్టీరాయిడ్ ఎంజైమ్ కిట్: పనితనం మెచ్చదగినది, సూచనల పత్రం కాదు

స్టీరాయిడ్ అణువులను మార్చే హైడ్రాక్సీస్టీరాయిడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ పనితీరును విద్యార్థులకు చూపడానికి తెప్పించిన ఈ కిట్ అసలు పనిలో నిరాశపరచలేదు. ఎంజైమ్ స్టీరాయిడ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాన్ని కీటోన్‌గా ఆక్సీకరించేటప్పుడు వెలువడే హైడ్రైడ్‌ను (రుణావేశిత హైడ్రోజన్‌ను) అందుకుని ఎన్ఏడీ అనే సహఎంజైమ్ (ఎంజైమ్‌కు తోడ్పడే అణువు) కాస్తా ఎన్ఏడీహెచ్‌గా మారుతుంది కనుక, ఈ రెండింటిలో ఎన్ఏడీహెచ్ మాత్రమే శోషించుకునే 340 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ పెరిగే తీరును బట్టి చర్యా వేగాన్ని నేరుగా లెక్కగట్టవచ్చు. ఆ శోషణను చూపే గీత తొలి నిమిషాల్లో నిలకడగా పైకి సాగింది. అయితే ఈ చర్య వెనక్కీ నడుస్తుంది, అంటే కీటోన్ తిరిగి హైడ్రాక్సిల్‌గా క్షయకరణ చెందుతుంది. క్షార మాధ్యమం ఆక్సీకరణకు అనుకూలిస్తుందన్న సంగతిని, ఒకే బఫర్ (ఆమ్ల-క్షార స్థాయిని నిలకడగా ఉంచే ద్రావణం) ఇచ్చి ఊరుకున్న తయారీదారు పత్రంలో ప్రస్తావించనే లేదు. శరీరంలోనైతే సహఎంజైమ్ పాత్ర కీలకం: మూత్రపిండంలో ఈ కుటుంబానికే చెందిన 11బీటా-హైడ్రాక్సీస్టీరాయిడ్ డీహైడ్రోజినేస్ రెండో రకం ఎన్ఏడీ సాయంతో కార్టిసాల్ హార్మోన్‌ను క్రియారహితమైన కార్టిసోన్‌గా మారిస్తే, కాలేయంలో మొదటి రకం ఎన్ఏడీపీహెచ్ అనే మరో సహఎంజైమ్‌తో దాన్ని తిరిగి కార్టిసాల్ చేస్తుంది. క్షయకరణను కూడా చూపదలచినవారు తటస్థ బఫర్‌ను, ఎన్ఏడీహెచ్‌ను విడిగా సమకూర్చుకోవాలి.