ప్రాచీన లెక్కల కిట్: ఓ ఆడిటర్ తనిఖీ

ఉద్యోగమంతా ఇతరుల ఖాతాలు చూడ్డంలోనే గడిచింది నాకు. అంకె కనిపిస్తే ముందు వచ్చే అనుమానం ఒకటే: దీన్ని రేపు ఇంకొకరు చూస్తే ఇదే అర్థం వస్తుందా? ఈ కిట్‌లోని ప్రతి పద్ధతినీ ఆ లెక్కనే చూశాను.

పెట్టెలో మట్టి ముద్ద, కోసిన రెల్లు పుల్ల, ఎరుపు నలుపు పుల్లల కట్ట, రోమన్ చేతి అబాకస్ నమూనా, నూలు తాళ్ళు, కొన్ని కార్డులు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. ప్యాకింగ్ బాగుంది.

మొదట బాబిలోనియా. పుల్ల చివర అంచు తేలేలా కోశారు కాబట్టి మట్టి మీద మేకు ఆకారం చక్కగా పడుతుంది. నిలువు మేకు ఒకటి, మూలతో నొక్కితే పది. ఈ రెండు గుర్తులతోనే 59 దాకా రాసేవాళ్ళు. 60కి మళ్ళీ అదే నిలువు మేకు, ఒక స్థానం ఎడమకి జరుగుతుంది, అంతే. ఈ పద్ధతిలో వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చూపించడానికి యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న పలక బొమ్మ ఒకటి కార్డుగా ఇచ్చారు. చతురస్రం కర్ణం మీద రాసిన 1, 24, 51, 10 అనే అంకెల్ని మన దశాంశాల్లోకి మారిస్తే 1.41421296 వస్తుంది. 2 అనే సంఖ్య వర్గమూలంతో ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోయింది!

కానీ మట్టి మీద ఒంటరిగా ఒక మేకు ఉంటే అది 1 అవ్వచ్చు, 60 అవ్వచ్చు, 3600 కూడా అవ్వచ్చు. మధ్యలో ఖాళీ స్థానానికి ప్రత్యేక గుర్తు చాలా ఆలస్యంగా, క్రీస్తుపూర్వం చివరి శతాబ్దాల్లో వాడుకలోకి వచ్చింది. అంకె చివర ఖాళీకి అప్పుడూ పెట్టలేదు. 'సందర్భాన్ని బట్టి తెలిసేది' అని పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేసింది. ఈ జవాబు నా జూనియర్ రాసుంటే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి.

నా ఓటు మాత్రం దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యపు ముడుల తాళ్ళకే. వాటి పేరు కిపు. కిపు అంటే రంగురంగుల దారాల అలంకారం అనుకునేవాళ్ళు ఈ భాగం తప్పక చేసి చూడాలి. ప్రధాన తాడుకి వేలాడే ప్రతి తాడూ ఒక సంఖ్య. పైన వందలు, కింద పదులు, కొసన ఒకట్లు. వందలకీ పదులకీ మామూలు ముడులు. ఒకట్ల స్థానంలో రెండు నుంచి తొమ్మిది దాకా పొడుగు ముడి వేసి, ఎన్ని చుట్లుంటే అంత అని చదువుతారు. ఒక్క చుట్టు వేస్తే అది మామూలు ముడే అయిపోతుంది కదా, అందుకని ఒకటికి ఎనిమిది ఆకారపు ముడి వేరే పెట్టారు. పొడుగు ముడి ఒకట్ల దగ్గర తప్ప ఇంకెక్కడా రాదు, కాబట్టి సంఖ్య ఎక్కడ ముగిసిందో ముడే చెప్తుంది. సున్నా అంటే ముడి లేకపోవడమే. పక్క తాళ్ళ ముడులు ఏ ఎత్తున ఉన్నాయో చూస్తే అదీ దొరికిపోతుంది. కొన్ని కిపుల్లో ఒక గుంపు తాళ్ళ మొత్తాన్ని విడిగా ఇంకో తాడు మీద కట్టారు. టోటల్ కాలమ్ అన్నమాట! ఈ పదుల పద్ధతిని 1912లో లీలాండ్ లాక్ అనే పరిశోధకుడు నిరూపించాడని పుస్తకం సరిగ్గానే రాసింది. కిట్‌లో తాళ్ళు ఇంకో నాలుగు ఎక్కువ ఇవ్వాల్సింది.

ఇక చైనా పుల్లలు. ఒకట్లు నిలువుగా, పదులు అడ్డంగా, వందలు మళ్ళీ నిలువుగా పేర్చాలి. పక్కపక్క స్థానాలు కలిసిపోకుండా ఇది మంచి ఉపాయం. కానీ పుల్లలు గుండ్రంగా చేయడంతో బల్ల మీద దొర్లిపోయి, సగం లెక్కలో కిందపడ్డాయి. అంతకంటే పెద్ద తప్పు పుస్తకంలో ఉంది. నలుపు ధన సంఖ్య (ప్లస్), ఎరుపు రుణ సంఖ్య (మైనస్) అని అచ్చేశారు. నేటి లెడ్జర్ అలవాటు చూసి రాసేసినట్టున్నారు. క్రీ.శ. 263లో 'తొమ్మిది అధ్యాయాలు' అనే ప్రాచీన చైనా గణిత గ్రంథానికి వ్యాఖ్య రాసిన లియూ హుయ్ చెప్పింది సరిగ్గా ఉల్టా: ఎరుపు ధనం, నలుపు రుణం. తయారీదారుకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు.

అబాకస్ పూసలు మొదట్లో బిగుసుగా కదిలాయి, వాడేకొద్దీ సర్దుకున్నాయి. మిగతా గాళ్ళలో కింద నాలుగు పూసలుంటే, పన్నెండో వంతుల గాడిలో ఐదు పెట్టడం మాత్రం మెచ్చుకోవాలి. ఆ ఐదూ పైన ఆరు విలువ గల ఒక్క పూసా కలిస్తే పదకొండు దాకా లెక్కపెట్టచ్చు. చవక నమూనా అయితే అన్నింట్లోనూ నాలుగే పెట్టి ఊరుకునేది. లెక్క అయ్యాక పూసలు సర్దేస్తే మధ్యలో ఏం చేశామో ఆనవాలు ఉండదు. పుల్లలతోనూ ఇదే తంటా.

ఈ విషయంలో ఈజిప్టు వాళ్ళు నాకు నచ్చారు. సుమారు క్రీ.పూ. 1550 నాటి రైండ్ పపైరస్ అనే లెక్కల చుట్టలో అహ్మెస్ అనే లేఖకుడు లెక్క చేసిన దారి కూడా రాసిపెట్టాడు. 13 ఇంటూ 24 కావాలంటే 24ని రెట్టింపు చేసుకుంటూ పోవాలి: 24, 48, 96, 192. ఇవి 1, 2, 4, 8 రెట్లు. పదమూడుకి కావలసిన 1, 4, 8 పక్కన గీత పెట్టి, ఆ వరసలు కూడితే 312. ఎక్కాల పట్టిక అక్కర్లేదు, చెక్ చేయడం సులువు. కిట్‌లో దీనికి ఇచ్చింది ఒక్క కార్డే.

మధ్య అమెరికాలోని మాయా నాగరికత అంకెల కార్డుల్లో చుక్క, గీత, గవ్వ సున్నా ఉన్నాయి, పర్వాలేదు. భారతీయ అంకెలకీ ఒక్క కార్డే ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. గ్వాలియర్ ఆలయ శాసనంలో క్రీ.శ. 876 నాటికే 270, 50 అని చివర సున్నాతో చెక్కి ఉంది. బాబిలోనియా లేఖకులు వదిలేసిన చోట అది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి విషయం క్షణంలో ఎక్కేది.

అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికీ, బడిలో గణితం క్లబ్బుకీ కొనచ్చు. మట్టిని తడిగుడ్డలో చుట్టి ఉంచండి, ఊరికే ఆరిపోతుంది. చైనా పుల్లల రంగుల పేజీని పిల్లలకి ఇచ్చేముందు పెన్నుతో దిద్దండి.