కోపం మీద క్రైస్తవ కథలు: ఒక్క రాత్రిలో మారేవా, నెమ్మదిగా మారేవా – ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు ఇళ్లల్లో జరిగే తెలుగు ప్రార్థన కూడికకు కోపం మీద నవల ఎంచుకుంటున్నారా? అట్ట వెనక రాసింది పక్కన పెట్టి, క్షమాపణ ఎన్నో పేజీలో వస్తుందో చూడండి. 250 పేజీల పుస్తకంలో 240వ పేజీలో వస్తే అది సాక్ష్యం తరహా: తాగడం, కొట్టడం, ఉజ్జీవ సభలో ఏడవడం, మారిపోవడం. 150 దగ్గరే వచ్చి, మిగతా వంద పేజీలూ ఆ తర్వాతి ఇంటి సంగతులైతే అది స్వస్థత నవల.

మొదటిది ఆపకుండా చదివిస్తుంది. ఇక మారలేననుకునే మనిషికి అదే ఇవ్వాలి. చిక్కు సోమవారం వస్తుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మళ్లీ నోరు జారగానే తన మారుమనస్సే అబద్ధమనుకుంటాడు, లేదా కోపాన్ని దాచడం నేర్చుకుంటాడు. అది ఇంట్లో మూతి ముడుపుగా, పిల్లల మీద కసురుగా బయటికొస్తుంది.

రెండో రకానికి నమూనా ఆదికాండంలోనే ఉంది. యోసేపు తనను అమ్మేసిన అన్నలను ఐగుప్తులో చూడగానే కౌగిలించుకోలేదు. వేగులవారని నిందించి 3 రోజులు కావలిలో ఉంచాడు, షిమ్యోనును బంధించాడు. 45వ అధ్యాయంలో ఏడ్చి కలిశాడు. తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి చనిపోయాక కూడా అన్నల భయం పోలేదు. 50వ అధ్యాయంలో మళ్లీ వేడుకున్నారు, అతను మళ్లీ ఏడ్చాడు. క్షమించాక నమ్మకం కుదరడానికి పట్టే ఇంత కాలాన్ని చూపే నవలకే మా ఓటు.

ఇంకో పరీక్ష: తప్పు చేసినవాడు ఏం తిరిగిచ్చాడు? సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. కన్నీళ్లు తప్ప చెల్లింపు లేని కథ బలహీనం. దెబ్బలు తినే భార్యను "ఓర్చుకో, ప్రార్థించు" అని వెనక్కి పంపే పుస్తకమైతే ఎంత బాగా రాసినా కూడికలోకి తేవద్దు. అలాంటి ఇంటికి ముందు కావలసింది మహిళా హెల్ప్‌లైన్ 181.

నవల కుదరకపోతే చిన్న కథ. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, పైకి చదవాల్సిందే. 1,500 మాటల కథ నింపాదిగా చదివితే 15–20 నిమిషాలు. నవలైతే వారానికి 25 పేజీలు ఇంట్లో చదువుకు రమ్మనాలి. పది వారాలు పడుతుంది. షిఫ్టు డ్యూటీల వాళ్లు మధ్యలో తప్పిపోతారు కాబట్టి ప్రతిసారీ మొదట్లో ఐదు నిమిషాలు జరిగిన కథ చెప్పండి.

చర్చకు "కోపం పాపమా?" అనే ప్రశ్న వద్దు, ఎఫెసీయులకు 4:26 ("కోపపడుడి గాని పాపము చేయకుడి") ఎత్తి ఎవరో ఒకరు ప్రసంగం మొదలెడతారు. పాత్ర కోపం కింద అవమానముందా, భయముందా, దుఃఖముందా అని అడగండి. నీనెవెను దేవుడు క్షమించాడని యోనా కోపగించుకున్న 4వ అధ్యాయం, ఆ ఊరి మీద నేను జాలిపడవద్దా అనే దేవుని ప్రశ్నతోనే ఆగిపోతుంది, యోనా జవాబు అందులో లేదు. మీరూ కథ చివరి పేజీ చదవకుండా ఆపి, ముగింపు కూడికలోని వాళ్లనే చెప్పమనండి.