రేడియో డ్రోనా, ఫైబర్ డ్రోనా? ఉక్రెయిన్ యుద్ధరంగంలో ఏది మేలు?

డ్రోన్ల గురించి మన దగ్గర ఎప్పుడు మాట్లాడుకున్నా, ఎంత దూరం పోతుంది, ఎంత బరువు మోస్తుంది అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఉక్రెయిన్‌లో వాటిని నడిపే పైలట్ల టెన్షన్ వేరు. డ్రోన్‌కీ తనకీ మధ్య ఉన్న లింకు చివరి క్షణం దాకా నిలుస్తుందా, లేదా? లింకు తెగితే ఆ డ్రోన్, దానికి కట్టిన బాంబు ఏ పొలంలోనో పడిపోతాయి.

ఆ లింకు నిలబెట్టుకోవడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది రేడియో. రెండోది ఆప్టికల్ ఫైబర్, అంటే మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగే. మూడోది, చివరి కొన్ని వందల మీటర్లు లింకు పోయినా డ్రోనే తన కెమెరాతో గురిని చూసుకుంటూ వెళ్లడం. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక సైన్యం ఒక్క రకమే కొనాలంటే రేడియో డ్రోన్‌కి మూడో పద్ధతి జోడించి కొనాలి. శత్రువు సరఫరా దారిని మూసెయ్యడమే పని అయితే మాత్రం ఇవాళ ఫైబర్‌కి సాటి లేదు.

రేడియో సంగతి ముందు చూద్దాం. కళ్లద్దాల్లాంటి గాగుల్స్ పెట్టుకుని, డ్రోన్ ముక్కు మీద కూర్చున్నట్టు చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్లలో మొన్నమొన్నటిదాకా అన్నీ రేడియోవే. ఒక్కోటి నాలుగైదు వందల డాలర్లలో తయారవుతుంది. దానికి భుజం మీంచి పేల్చే ఆర్‌పీజీ రాకెట్ గుండు కట్టి పంపితే కోట్ల విలువ చేసే ట్యాంకును కూడా పనికిరాకుండా చేయగలదు. లెక్క చూస్తే ఇంతకంటే చవక బేరం ఉండదు. కానీ పంపినవన్నీ చేరవు. లండన్‌లోని రక్షణ అధ్యయన సంస్థ రూసీ 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉక్రెయిన్ ఎఫ్‌పీవీల్లో 60 నుంచి 80 శాతం గురిని చేరడం లేదు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: దెబ్బతిన్న, ధ్వంసమైన రష్యా ఆయుధాల్లో 60–70 శాతం ఇలాంటి చిన్న డ్రోన్ల ఖాతాలోనివే. చాలావరకు విఫలమవుతూనే యుద్ధాన్ని నడిపిస్తున్న ఆయుధం ఇది.

ఎందుకు చేరవు? జామర్ ఒక కారణం. కందకం పక్కన, బండి పైకప్పు మీద పెట్టిన జామర్ అదే ఫ్రీక్వెన్సీలో గోల పెడితే పైలట్ మాట డ్రోన్‌కి వినపడదు. రెండో కారణం భూమి. పైన ఉన్నంతసేపు సిగ్నల్ బాగానే ఉంటుంది. కొట్టడానికి కిందికి దిగేసరికి మధ్యలో దిబ్బో, చెట్ల వరుసో అడ్డొస్తుంది. సరిగ్గా ఆఖరి సెకన్లలో గాగుల్స్ నిండా చుక్కలు. దీనికి మందుగా మధ్యలో ఇంకో డ్రోన్‌ని ఎత్తులో నిలిపి సిగ్నల్‌ని అందించే పని చేయిస్తారు. మూడోది, రేడియో డ్రోన్ వస్తూ వస్తూ తానొస్తున్నానని చాటింపు వేసుకుంటుంది. ఉక్రెయిన్ సైనికుల జేబుల్లో ఉండే ‘త్సుకొరోక్’ అనే చిన్న డిటెక్టర్ ఆ సిగ్నల్ పట్టుకుని మోగుతుంది. వీడియోకి రహస్య కోడ్ లేకపోతే, తగిన రిసీవర్ ఉన్న ఎదుటివాడు డ్రోన్ చూస్తున్న దృశ్యమే తనూ చూడొచ్చు. తన బంకరే ఆ తెర మీద కనిపించిందంటే ఎవరి వంతు వచ్చిందో అర్థమైపోతుంది.

ఫైబర్ డ్రోన్ ఈ మూడు బాధలనీ ఒక్క దెబ్బకి తీసేసింది. డ్రోన్ పొట్ట కింద ఒక డబ్బా, అందులో వెంట్రుకలాంటి గాజు దారం 10, 15, 20 కిలోమీటర్లు చుట్టి ఉంటుంది. గాలిపటానికైతే చరఖా మన చేతిలో ఉంటుంది, దారాన్ని గాలిపటం లాక్కుంటుంది. ఇక్కడ చరఖా డ్రోన్ దగ్గరే ఉంది. అది ముందుకు పోతూ దారాన్ని వెనక వదిలేస్తుంటుంది. అందుకే దారం కొమ్మ మీద పడినా, కంచె మీద పడినా చాలాసార్లు తెగదు, దాన్ని ఎవరూ లాగరు కాబట్టి. రేడియో లేదు, కాబట్టి జామర్‌కి పట్టుకోవడానికి ఏమీ లేదు, త్సుకొరోక్ మోగదు. గోడ వెనక్కి దిగినా, షెడ్డు తలుపులోంచి లోపలికి దూరినా బొమ్మ అద్దంలా ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం మాత్రం ఓపిక. రోడ్డు పక్కన దిగి, మోటార్లు ఆపి, కెమెరా ఒక్కటే ఉంచుకుని ఇది గంటల తరబడి కాపు కాయగలదు. రేడియో డ్రోన్ నేల మీద వాలితే సిగ్నల్ పోతుంది, దీనికి ఆ గొడవ లేదు. ట్రక్కు వచ్చేదాకా ఆగి, లేచి, కొడుతుంది.

ఇది ఎంత పని చేసిందో కుర్స్క్‌లో తేలింది. 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సేనలు సరిహద్దు దాటి రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి చొచ్చుకుపోయి సూజా పట్టణం పట్టుకున్నాయి. అక్కడికి తిండి, మందుగుండు, మనుషులు వెళ్లాలన్నా, గాయపడ్డవాళ్లు వెనక్కి రావాలన్నా సరిహద్దుకి ఇవతలున్న ఉక్రెయిన్ నగరం సుమీ నుంచి పోయే రోడ్డే ప్రధానం. 2025 మొదట్లో రష్యా తన ‘రుబికాన్’ డ్రోన్ దళాన్ని ఆ రోడ్డు మీదికి వదిలింది. జామర్లు బిగించుకున్న బండ్లు కూడా ఫైబర్ డ్రోన్లకి వరసగా బలయ్యాయి. సరఫరా చిక్కిపోయింది. మార్చిలో సూజా చేజారింది. డ్రోన్లే కారణమనడం అతిశయోక్తి అవుతుంది, అదే సమయంలో పెద్ద దాడి కూడా జరిగింది. అయినా ముందు ఊపిరాడకుండా చేసింది ఆ దారాలే.

ఆ తర్వాత తూర్పు ఉక్రెయిన్‌లో కిలోమీటర్ల కొద్దీ రోడ్ల మీద వలలు పందిరిలా కట్టడం మొదలైంది. ఇంత ఎలక్ట్రానిక్స్ నడుస్తున్న యుద్ధంలో ఆఖరికి దిక్కయింది చేపల వలే!

ఇన్ని గుణాలున్నాక అన్నీ ఫైబర్‌వే ఎందుకు చేయరు? మొదటి అడ్డంకి బరువు. పది కిలోమీటర్ల చుట్ట ఒకటి రెండు కిలోలుంటుంది. అంత మేర బాంబు తగ్గించుకోవాలి, లేదా పెద్ద డ్రోన్ కట్టాలి. వేగం తగ్గుతుంది, గబుక్కున తిప్పితే దారం రెక్కల్లో చిక్కుకునే భయం ఉంటుంది. అడవిలో, కరెంటు తీగల మధ్య బెడద ఎక్కువ. ఒకే చోట నుంచి పదే పదే పంపితే పొలాల మీద మెరిసే దారాలన్నీ ఆ చోటికే దారి చూపిస్తాయి. పైగా ఇది దాదాపు ఒక్కసారి వాడకమే. రాత్రుళ్లు వెళ్లి బాంబులు వేసి తిరిగొచ్చే పెద్ద ‘బాబా యాగా’ డ్రోన్ల పని ఫైబర్‌తో అయ్యేది కాదు. ఇక గాజు దారం దొరకాలి కదా. రష్యాలో దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ సరాన్స్క్‌లో ఉంది. ఉక్రెయిన్ డ్రోన్లు 2025లో వెతుక్కుంటూ వెళ్లి మరీ దాన్ని కొట్టాయి.

మూడో పద్ధతి సంగతి క్లుప్తంగా. పైలట్ రేడియోతోనే గురి దగ్గరికి తీసుకెళ్లి, తెర మీద ట్రక్కు చుట్టూ గడి బిగిస్తాడు. అక్కడి నుంచి డ్రోన్‌లోని చిన్న చిప్ ఆ బొమ్మని వదలకుండా పట్టుకుని పోతుంది. జామర్ గోల చేసినా, దిబ్బ అడ్డొచ్చినా ఫర్వాలేదు. ఆఖరి సెకన్ల జబ్బుకి ఇది సరైన మందు, ఫైబర్ చుట్టతో పోలిస్తే బరువే లేనట్టు. లోపం చూపులో ఉంది: పొగమంచు, సంజ చీకటి, చవక కెమెరా, కొమ్మలు కప్పుకున్న ట్యాంకు, వీటి ముందు తడబడుతుంది. పొంచి కాపు కాయడం, సందుల్లో వెతకడం దీనికి రావు, మనిషి చూసి గడి పెట్టాల్సిందే. అది పెట్టేదాకా రేడియో బతికి ఉండాలి. నా లెక్కలో దీనికి ఎక్కువ మార్కులు పడటానికి కారణం వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ నెలనెలా మెరుగవుతుంది, గాజు దారం బరువు అలా తగ్గదు.

ఇంకో దారి కూడా ఉంది, శత్రువు మొబైల్ నెట్‌వర్కే వాడుకోవడం. 2025 జూన్ 1న ఉక్రెయిన్ ట్రక్కుల్లో దాచిన 117 డ్రోన్లని రష్యా లోపలి వైమానిక స్థావరాల దగ్గర వదిలింది. వాటిని రష్యా సెల్ టవర్ల మీదుగానే నడిపినట్టు వార్తలొచ్చాయి. ఇలాంటివి రోజూ జరిగే పనులు కావు, అందుకే పోటీలో చేర్చలేదు.

ఈ పోలికలో తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. ఫైబర్ పని డ్రోన్ నుంచి పైలట్ దాకానే. పైలట్ చూస్తున్న దృశ్యం వెనకున్న కమాండర్‌కి చేరాలన్నా, ఫిరంగుల వాళ్లకి గురి చెప్పాలన్నా, ఉక్రెయిన్ సైన్యం వాడే ‘డెల్టా’ అనే డిజిటల్ మ్యాపులో కొత్త చుక్క పడాలన్నా ఇంటర్నెట్ కావాలి. ముందు వరసలో అది ఎక్కువగా స్టార్‌లింక్, అంటే ఉపగ్రహాల ద్వారా వచ్చే ఇంటర్నెట్. 2025 జూలై 24న స్టార్‌లింక్ ప్రపంచమంతటా సుమారు రెండున్నర గంటలు ఆగిపోయింది. యుద్ధరేఖ పొడవునా ఆగిందని, వీడియో లేకుండానే దాడులు నడిపామని ఉక్రెయిన్ డ్రోన్ దళాల అధిపతి రాబర్ట్ బ్రొవ్‌దీ చెప్పాడు. ఏ రకం డ్రోన్ కొన్నా ఈ లోటు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ మీట అమెరికాలోని ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది.

మన సంగతికొస్తే, ఇది దూరపు ముచ్చట కాదు. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకి 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వమే ప్రకటించింది. కొండలూ లోయలూ ఉన్న కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర రేడియో సిగ్నల్‌కి ప్రతి మలుపూ గోడే. అక్కడ నేనైతే ఫైబర్‌కే ఓటేస్తాను. పంజాబ్ మైదానంలో తోటలు, కరెంటు లైన్లు, ఊళ్లు దట్టం. అక్కడ రేడియోకి చూపున్న చిప్ తగిలించడమే నయం.

ఈ మూడు పద్ధతుల్లో రెండు హైదరాబాద్‌కి పాత పరిచయమే. 1970లో ఇక్కడ పెట్టిన ప్రభుత్వ క్షిపణుల కంపెనీ భారత్ డైనమిక్స్ మొదట చేసిందే ఫ్రెంచ్ ఎస్‌ఎస్ 11, తీగతో నడిచే ట్యాంకు విధ్వంసక క్షిపణి. తర్వాత మిలాన్, కాంకర్స్, అవీ తీగవే. మిలాన్ సెకనుకి దాదాపు 200 మీటర్ల వేగంతో పోతూ రెండు కిలోమీటర్ల తీగని తెగకుండా వదులుతుంది. ఇక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన నాగ్ క్షిపణి అయితే వదిలాక తన కన్నుతో తానే గురిని పట్టుకుపోతుంది. ఆప్టికల్ ఫైబర్ తయారీ కూడా నగరంలో ఉంది. ఫైబర్ డ్రోన్‌లో కష్టమైన భాగం డ్రోన్ కాదు, చుట్ట: 20 కిలోమీటర్ల దారాన్ని ఒక్క మెలిక పడకుండా చుట్టడం, వేగంగా వదిలినా తెగకుండా చూడటం. తీగ క్షిపణులతో దశాబ్దాలు గడిపిన చోట మొదలుపెట్టాల్సిన పని అది.