ఆకుపచ్చ టిక్కు వెనక 23 రోజులు

కంప్యూటర్‌లోని ఫైళ్లకి రోజూ ఇంటర్నెట్ ద్వారా కాపీలు దాచే బ్యాకప్ ప్రోగ్రామ్ ఒకటే నాలుగేళ్లుగా వాడుతున్నాను. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ "ఇది పెట్టుకుని ఇక మర్చిపోండి" అని చెప్పాను. పెట్టుకోమని ఇప్పుడూ చెబుతాను. మర్చిపొమ్మని మాత్రం చెప్పను.

నా కోపమంతా పని పూర్తయిందని అది చూపించే ఆకుపచ్చ టిక్కు మీదే.

సీ డ్రైవ్ నిండిపోతోందని కొత్త ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్కు) వేసుకుని, ఆడియో ఫోల్డర్ మొత్తం, దాదాపు 180 జీబీ, డీ డ్రైవ్‌కి జరిపాను. మా నాయనమ్మ పాటలు అందులోనే ఉన్నాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి. ఆ టేపులు ఇప్పుడు అతుక్కుపోయాయి, తిరగవు. ఫోల్డర్ జరిపాక కూడా బ్యాకప్ రోజూ రాత్రి నడిచింది, పొద్దున్నే టిక్కు కనబడింది. రోజూ చూసి నిశ్చింతగా ఉన్నాను.

23వ రోజున ఒక పాట మొదట్లో ఉన్న గరగర తీసేసి, పొరపాటున అసలు ఫైల్ మీదే సేవ్ చేశాను. గరగరతో పాటు, పాట ఎత్తుకునే ముందు నాయనమ్మ గొంతు సవరించుకుని "పెట్టావా?" అని అడిగిన మాట కూడా పోయింది. నిన్నటి కాపీ ఉంటుందిలే అనుకుని, దాచిన కాపీలు వెనక్కి తెచ్చుకునే రిస్టోర్ తెరిచాను. ఆ ఫోల్డర్ తేదీలు నేను ఫైళ్లు జరిపిన రోజు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. చేతులు చల్లబడ్డాయి.

సెట్టింగుల అడుగున ఎక్కడో ఉన్న లాగ్, అంటే ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసుకునే చిట్టా, తీసి చూస్తే ప్రతి రాత్రీ ఒకటే వరుస: దారి దొరకలేదు, వదిలేశాం. పక్కన 80070003 అని లోపం సంఖ్య. విండోస్‌లో 8007000తో మొదలయ్యే ఇలాంటి సంఖ్యల చివరి అంకె చూస్తే విషయం తెలిసిపోతుంది. 2 అయితే ఫైల్ దొరకలేదని, 3 అయితే ఫోల్డర్ దారి దొరకలేదని, 5 అయితే తెరిచే అనుమతి లేదని. ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకునేది ఫోల్డర్ చిరునామాని. ఫోల్డర్ ఇల్లు మారితే అది పాత తలుపే కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. అక్కడిదాకా అర్థం చేసుకోగలను. కానీ 180 జీబీ ఒక్క రాత్రిలో కనబడకుండా పోతే, మిగతా రెండు ఫోల్డర్లు బాగానే ఎక్కాయి కదా అని టిక్కు పెట్టేయడం ఏమిటి? పైగా అసలు చోట కనబడని ఫైళ్లను 30 రోజులు ఆగి బ్యాకప్ నుంచి కూడా తీసేయాలనే సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది. ఇంకో వారం గడిచి ఉంటే "పెట్టావా?" ఎక్కడా ఉండేది కాదు.

పాట దొరికింది. ఆ 23 రోజుల్లో పాటల సాహిత్యం టైపు చేసి మళ్లీ మళ్లీ దిద్దిన ఫైళ్లకి మాత్రం వెనకటి వెర్షన్ ఒక్కటీ లేదు.

ముందుగా ఆ 30 రోజుల గడువు తీసేసి, ఎప్పటికీ ఉంచమని పెట్టాను. తర్వాత తెలివి చూపించబోయి, పాత చోట కొత్త ఫోల్డర్‌కి దారి చూపే ఒక లింకు పెట్టాను. బ్యాకప్ కొన్ని క్షణాల్లో ముగిసింది, మళ్లీ అదే టిక్కు. చూస్తే అది లింకునే దాచుకుంది, లోపలికి వెళ్లలేదు. కాబట్టి మీరూ ఈ దారి పడితే, ఎన్ని జీబీలు చదివిందో చూసుకోండి.

చివరికి కొత్త చిరునామానే జాబితాలో చేర్చాను. 180 జీబీ మొదటి నుంచీ ఎక్కాలి, ఎన్ని రోజులు పడుతుందో అని బెంగపడ్డాను. నలభై నిమిషాల్లో అయిపోయింది! ఇది ఫైళ్లను ముక్కలుగా చేసి, లోపలి సమాచారాన్ని బట్టి పోల్చుకుంటుంది. చోటు మారినా ముక్కలు అవే కాబట్టి చదివి సరిచూసుకుందే తప్ప మళ్లీ పంపలేదు. ఇంత నేర్పున్న ప్రోగ్రామ్‌కి ఆ టిక్కు విషయంలో ఇంత నిర్లక్ష్యం ఎందుకో!

ఆ తర్వాత మిగిలినవి చివర 5 ఉన్న లోపాలు, అన్నీ స్కాన్ చేసిన పాత ఉత్తరాల ఫోల్డర్‌వే. అది డీ డ్రైవ్‌లోనే వేరే లాగిన్ కింద ఉంటే ఇవతలికి జరిపాను. ఒకే డ్రైవ్‌లో జరిపిన ఫైళ్లు పాత అనుమతులనే వెంట తెచ్చుకుంటాయి. వేరే డ్రైవ్‌కి వెళ్తే అక్కడి ఫోల్డర్ అనుమతులు తీసుకుంటాయి. అందుకే ఆడియోకి రాని చిక్కు వీటికి వచ్చింది. పై ఫోల్డర్ అనుమతులే వర్తించేలా మార్చాక ఆ లోపాలు పోయాయి.

నేను వేరే ప్రోగ్రామ్‌కి మారడం లేదు. నాలుగేళ్ల వెర్షన్లు ఇందులోనే ఉన్నాయి, నా ఇంటర్నెట్ వేగానికి ఆ ముక్కల పద్ధతి చాలా అవసరం. ఫోల్డర్లు కదపని అలవాటు ఉన్నవాళ్లకి ఇది బాగానే సరిపోతుంది. నాలాగా ఏడాదికోసారి అన్నీ సర్దేవాళ్లయితే, సర్దిన మర్నాడే లాగ్ తెరిచి చూడండి. ఒక ఫైల్‌ని వేరే చోటికి రిస్టోర్ చేసి దాని తేదీ కూడా సరిచూసుకోండి.